టింక్చర్ చేరలేని చోటికి మందు చేర్చిన భీమవరం డాక్టరు

ద్వారకా నగర్ (విశాఖపట్నం): ఆర్టీసీ కాంప్లెక్సును ఆనుకుని ఉన్న ద్వారకా నగర్‌లో మందుల షాపులకు, రక్తపరీక్ష కేంద్రాలకు, నర్సింగ్ హోములకు కొదవ లేదు. శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి వైపు నుంచి వచ్చి బస్సు దిగిన రోగి నాలుగడుగులు వేస్తే ఏదో ఒక డాక్టరు గారి బోర్డు కంటబడుతుంది. ఈ షాపుల్లో రోజూ చేతులు మారే మందుల్లో నాలుగింటి వెనుక ఒక తెలుగువాడి శ్రమ ఉంది. గర్భిణులు మింగే ఫోలిక్ యాసిడ్ మాత్ర, బోదకాలుకు ఇచ్చే డి.ఇ.సి. మాత్ర, క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడే మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ జాతి గొట్టాలు. ఈ నాలుగూ డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనల నుంచి పుట్టినవో, వాటి వెంట వచ్చినవో. కొనేవారికి ఆ పేరు తెలియదంటే సరే, అమ్మేవారికైనా తెలుసా అన్నది అనుమానమే.

ఆయన కథ చెప్పుకునే ముందు మందుల షాపులోని రెండు అరల సంగతి తెలియాలి. ఒక అరలో స్పిరిట్, టింక్చర్ అయోడిన్, డెట్టాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్, పొవిడోన్ అయోడిన్ ఉంటాయి. ఇవి పైకి వాడేవి. వీటిని యాంటీసెప్టిక్ మందులంటారు. కుళ్లనివ్వనిది అని ఆ మాటకు అర్థం. బతికి ఉన్న చర్మం మీద, గాయం మీద చేరిన సూక్ష్మక్రిములను ఇవి చంపుతాయి, లేదా పెరగకుండా ఆపుతాయి. నేలకు వాడే ఫినాయిలు, కాలువల్లో చల్లే బ్లీచింగ్ పౌడరు కూడా క్రిములను చంపేవే. అయితే వాటిని ఒంటికి రాయరాదు. అవి డిసిన్ఫెక్టెంట్లు, వాటి తరగతి వేరు. డెట్టాల్‌నైనా నీళ్లు కలపకుండా పుండు మీద పోస్తే మానే కండ కూడా మాడుతుంది. స్పిరిట్ విషయంలో ఒక చిత్రం ఉంది. నీరు లేని శుద్ధమైన ఆల్కహాలు కంటే, నూటికి 70 పాళ్లు ఆల్కహాలు, మిగతాది నీరు ఉన్నదే క్రిములను బాగా చంపుతుంది. కుక్క కరిచినప్పుడు మాత్రం టింక్చర్ కోసం పరుగెత్తే ముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. ఆ తర్వాతే ఏదైనా. టీకా ఎలాగూ తప్పదు.

యాంటీసెప్టిక్ వాడకం మొదలై నూట యాభై ఏళ్లు దాటింది. వియన్నాలో 1847లో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు కాన్పులు చేసేవారి చేత క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడిగించి బాలింతల మరణాలను బాగా తగ్గించాడు. తోటి వైద్యులు ఆయన మాట పట్టించుకోలేదు. 1865లో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ బండి చక్రం కింద కాలు విరిగిన పదకొండేళ్ల కుర్రవాడి గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ కట్టాడు. ఎముక పైకి వచ్చిన అలాంటి కాలును ఆ రోజుల్లో కోసివేయడమే పద్ధతి. ఆ కుర్రవాడు ఆరు వారాల్లో చీము పట్టకుండానే కోలుకున్నాడు. ఆపరేషన్ గదుల తీరు అక్కడి నుంచి మారింది.

కాని ఈ మందులకు ఒక హద్దుంది. క్రిమి ఒంటి మీద ఉన్నంతసేపే ఇవి పనిచేస్తాయి. నెత్తురులోకి, ఊపిరితిత్తిలోకి, పేగులోకి క్రిమి దిగాక టింక్చర్ చేయగలిగింది ఏమీ లేదు. కార్బాలిక్ తాగిస్తే క్రిమి కంటే ముందు మనిషే పోతాడు. అందుకే షాపులో రెండో అర అవసరమైంది. ఆ అరను నింపినవారిలో సుబ్బారావు ఒకరు.

అరటిపండ్ల వ్యాపారం తలపెట్టిన బాలుడు

సుబ్బారావు 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖ ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. పదమూడేళ్ల వయసులో సుబ్బారావుకు చదువు మీద కంటే డబ్బు సంపాదన మీద గురి కుదిరింది. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి బాగుపడాలని ఇల్లు విడిచి బయలుదేరారు. తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపింది. రాజమండ్రిలో చదువు సాగలేదు. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. ఈలోగా తండ్రి కాలం చేశారు. పరీక్ష తప్పిన పిల్లవాడిని పనికిరానివాడిగా లెక్కకట్టే ఇళ్లు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. వెంకమ్మ అలా లెక్కకట్టలేదు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు మనసు సన్యాసం వైపు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం నేర్చుకుంటే సేవ చేసినట్టే అవుతుందని మఠం పెద్దలు సలహా చెప్పడంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. విశాఖలో వైద్య కళాశాల 1923లో గాని రాలేదు. అంతవరకు ఆంధ్ర ప్రాంతపు కుర్రవాడు డాక్టరు పట్టా కావాలంటే మద్రాసు రైలెక్కవలసిందే. ఫీజులకు స్నేహితులు కొంత సాయపడ్డారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు మరికొంత ఆదుకున్నారు. ఆయన కుమార్తె శేషగిరితో 1919లో సుబ్బారావు వివాహం జరిగింది.

ఖద్దరు గౌను తెచ్చిన చిక్కు

విదేశీ వస్త్రాలు విడనాడాలన్న గాంధీజీ పిలుపు ఆ రోజుల్లో కాలేజీలను ఊపేస్తోంది. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరుతో కుట్టించిన గౌను వేసుకుని వెళ్లారు. శస్త్రచికిత్స ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. రాత పరీక్షల్లో బాగా రాసినా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆపరేషన్ గదిలో గౌను ఎందుకు వేసుకుంటారో తెలిసినవారికి ఈ శిక్షలోని అన్యాయం ఇంకా బాగా అర్థమవుతుంది. డాక్టరు ఒంటి మీది క్రిమి రోగి గాయంలో పడకుండా ఉండేందుకే గౌను. దాన్ని ఆవిరి పెట్టెలో ఒత్తిడి కింద 121 డిగ్రీల వేడిలో ఉంచితే అందులోని క్రిములు చస్తాయి. గుడ్డను భీమవరం సాలెవాడు నేశాడా, లాంకషైర్ మిల్లు నేసిందా అన్నది ఆవిరికి పట్టదు. లిస్టర్ శాస్త్రం ప్రకారం ఖద్దరు గౌనులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పు పట్టింది శాస్త్రం కాదు, సర్కారు.

ఎల్.ఎం.ఎస్. పట్టాతో మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే పని దొరికింది. అక్కడే మన మూలికల మీద, మందుల తయారీ మీద ఆయనకు ఆసక్తి కలిగింది. సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో కన్నుమూసిన దుఃఖం కూడా ఆయనను వెంటాడుతూ ఉంది. పల్లెల్లో దీన్ని గ్రహణి కింద జమకట్టేవారు. తిన్నది ఒంటపట్టదు, విరేచనాలు ఆగవు, నెత్తురు విరిగిపోయి మనిషి శల్యమవుతాడు. ఆనాటి డాక్టర్ల దగ్గర దానికి మందు లేదు. పేగులో ఉన్న రోగానికి పైపూత ఏం చేస్తుంది?

బోస్టన్‌లో రాత్రి పని

1920ల తొలి సంవత్సరాల్లో సుబ్బారావు అమెరికా ప్రయాణం కట్టారు. మామగారు కొంత, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత డబ్బు సమకూర్చాయి. ఓడ వ్యాపారంలో గడించినది చదువులకు, అన్నదానాలకు రాసి ఇచ్చిన సత్యలింగ నాయకర్ పేరు గోదావరి జిల్లాలవారికి కొత్త కాదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. వారికి కలిగిన మగబిడ్డ పసితనంలోనే పోయాడు. కొన్నేళ్లలో తిరిగి వస్తానన్న మనిషి మళ్లీ స్వదేశం ముఖం చూడలేదు. భార్యాభర్తలు తిరిగి కలుసుకోనే లేదు. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు ఈ సంగతిని చాలామంది ఒక వాక్యంలో దాటవేస్తారు. శేషగిరమ్మ గారికి అది ఒక వాక్యం కాదు.

బోస్టన్‌లో హార్వర్డ్ ఉష్ణమండల వ్యాధుల పాఠశాలలో చేరారు. ఇక్కడి పట్టాకు అక్కడ చెల్లుబాటు లేదు. తిండి కోసం పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా కుదిరారు. రోగుల మలమూత్ర పాత్రలు కడగడం ఆ పనిలో భాగం. డాక్టరు చదువు చదివిన మనిషి పగలు క్లాసులో కూర్చుని, రాత్రి ఆ పాత్రలు తోమారు. 1924లో డిప్లొమా వచ్చింది.

అక్కడి నుంచి హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి నెత్తురులో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి ప్రకటించారు. పరీక్షించే ద్రవంలో మాలిబ్డేట్ కలిపి, మరో రసాయనం చేరిస్తే నీలి రంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. లేబొరేటరీ కోర్సు చదివిన పిల్లలు ఆ పేరు పరీక్ష కోసం బట్టీ పట్టి ఉంటారు, అందులోని సుబ్బారావు ఎవరో కనుక్కోకుండానే. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. బయటపెట్టారు. కండరం కదలడానికి కావలసిన శక్తి ఎక్కడ నిలవ ఉంటుందో ఈ రెంటి వల్ల తెలిసింది. ఎ.టి.పి.ని అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుగొన్నాడు. 1930లో సుబ్బారావుకు హార్వర్డ్ పి.హెచ్.డి. ఇచ్చింది. కాని స్థిరమైన అధ్యాపక పదవి మాత్రం ఇవ్వలేదు. పదేళ్లు ఎదురుచూసి, 1940లో పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు. పరిశోధనలన్నిటికీ ఆయనే డైరెక్టరు అయ్యారు.

అన్నదమ్ముల జబ్బుకు మందు దొరికింది

లెడర్లీలో గడిపిన ఎనిమిదేళ్లూ ఆయన జీవితానికి పంటకాలం. మొదటి పంట ఫోలిక్ యాసిడ్. అంతకు ముందే బొంబాయిలో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ, గర్భిణులైన మిల్లు కూలీలకు వచ్చే రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని చూపించారు. ఆ సారంలో ఏముందో ఎవరికీ అంతుపట్టలేదు. సుబ్బారావు బృందం దాన్ని విడదీసి, దాని నిర్మాణం పట్టుకుని, 1945లో కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు ఇస్తే విరిగిన నెత్తురు తిరిగి పట్టింది. సోదరుల చావును కళ్ల ముందు పెట్టుకుని సముద్రం దాటిన మనిషికి ఆ కబురు ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోవలసిందే. ఈ రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణికి ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది అదే.

ఫోలిక్ యాసిడ్‌కు దగ్గరగా ఉండి దానికి ఎదురు పనిచేసే పదార్థాలను కూడా అదే బృందం తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను నెత్తురు క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి చూశాడు. కొంతకాలమైనా జబ్బు వెనుకంజ వేసింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే.

1947లో వచ్చిన హెట్రజాన్ మన కోస్తాకు మరీ దగ్గరి మందు. డైఇథైల్ కార్బమజైన్ దాని అసలు పేరు, వాడుకలో డి.ఇ.సి. మాత్ర. దోమ కాటుతో ఒంట్లోకి దిగిన ఫైలేరియా క్రిమి పిల్లలను ఇది నెత్తురులో నుంచి తుడిచిపెడుతుంది. 2004 నుంచి ఈ మాత్రలను ఊరూరా ఇంటింటికీ పంచారు. అప్పటికే ఉబ్బిన కాలు మాత్రతో తిరిగి సన్నబడదు గాని, కొత్తవారికి అంటకుండా ఆగుతుంది. కాలు ఉబ్బినవారు రోజూ సబ్బుతో కడిగి, పొడిగా తుడిచి, వేళ్ల సందుల్లో పుండు పడితే యాంటీసెప్టిక్ రాసుకోవాలని డాక్టర్లు చెబుతారు. రెండు అరల మందులూ కలిసి పనిచేసే చోటు అదొకటి.

బంగారు రంగు బూజు

ఇక ఆరియోమైసిన్. రెండో ప్రపంచ యుద్ధ కాలానికి పెనిసిలిన్ వచ్చింది, తర్వాత స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. రెండూ సూదిమందులే. ఒక్కొక్కటి కొన్ని క్రిముల మీదే పనిచేసేది. టైఫస్ వంటి జ్వరాలకు రెండూ పనికిరాలేదు. నోటితో మింగగలిగి, ఎక్కువ రకాల క్రిములను పట్టే మందు కావాలని సుబ్బారావు పట్టుబట్టారు. అటువంటిది మట్టిలో దొరుకుతుందని ఆయన నమ్మకం. ఉద్యోగ విరమణ చేసిన బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై ఏళ్లు దాటిన వృక్షశాస్త్ర ప్రొఫెసర్‌ను పిలిచి ఆ పని అప్పగించారు. ముసలివాడికి ఉద్యోగమేమిటని ఆయన చూడలేదు.

ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి అందులోని బూజులను పెంచి పరీక్షించారు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు గడ్డి పొలం నుంచి వచ్చిన మట్టిలో 1945లో బంగారు రంగు వేసే సూక్ష్మజీవి దొరికింది. లాటిన్‌లో బంగారాన్ని సూచించే మాటతోనే మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. క్రిమి తనకు కావలసిన మాంసకృత్తులు తయారుచేసుకోకుండా ఇది అడ్డుపడుతుంది. పెరుగుదల ఆగిన క్రిమిని ఒంట్లోని రక్షణ బలం చూసుకుంటుంది. టింక్చర్ చేరలేని చోటికి గొట్టం మాత్ర చేరింది.

1948 జూలైలో న్యూయార్క్‌లో జరిగిన సభలో ఈ మందు వివరాలు లోకానికి వెల్లడించారు. పేపర్లలో డగ్గర్ పేరు వచ్చింది. సుబ్బారావు పేరు అంతగా రాలేదు. తన కింద పనిచేసినవారి పేర్లు ముందుకు నెట్టి తాను వెనుక కూర్చోవడం ఆయన అలవాటు. ఆ సభ జరిగి మూడు వారాలు కూడా కాలేదు, ఆగస్టు 8 రాత్రి నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 53. పాతికేళ్ల పాటు అమెరికాలో ఉన్నా అక్కడి పౌరసత్వం తీసుకోలేదు.

ఆరియోమైసిన్ నుంచే తర్వాత టెట్రాసైక్లిన్, 1960లలో డాక్సీసైక్లిన్ వచ్చాయి. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం టెట్రాసైక్లిన్ కోసం మందుల షాపుల మీద ఎగబడ్డారు. స్క్రబ్ టైఫస్ జ్వరానికి ఈ రోజుకీ డాక్టర్లు ముందు రాసేది డాక్సీసైక్లినే. కంటికి వేసే టెట్రాసైక్లిన్ ఆయింట్‌మెంటు ట్రకోమా నుంచి ఎందరి చూపునో కాపాడింది. ఆ జబ్బు ప్రజారోగ్య సమస్యగా భారత్‌లో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది. ఈ జాతి మందులను గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. పిల్లల పళ్లు శాశ్వతంగా పసుపెక్కుతాయి. టెట్రాసైక్లిన్‌ను పాలతో మింగితే అందులోని కాల్షియం మందును ఒంటపట్టనివ్వదు.

ఆయన గుర్తుగా ఒక బూజుకు సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో తపాలా శాఖ స్టాంపు వేసింది. ఫిస్క్ దగ్గర ఆయనతో పాటు పనిచేసిన జార్జ్ హిచింగ్స్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది.

చీటీ లేకుండా రెండు గొట్టాలు కొని, జ్వరం తగ్గగానే మూడోది మానేయడం మన దగ్గర మామూలు. డాక్టరు చీటీతోనే అమ్మాలని అట్టల మీద ఎర్ర గీత వేస్తున్నారు. ఆ గీత ఎందుకుందో అడిగే కొనుగోలుదారు అరుదు. సగం మందుకు చావని క్రిమి ఆ మందును ఓర్చుకోవడం నేర్చుకుంటుంది. పైపెచ్చు ఆరియోమైసిన్ కలిపిన మేత తిన్న కోళ్లు తొందరగా బరువు పెరుగుతాయని లెడర్లీ కంపెనీలోనే బయటపడింది. దానితో మనిషి కోసం వెతికిన మందు పశువుల మేతలోకి, చేపల చెరువుల్లోకి పాకింది. సుబ్బారావు పుట్టిన భీమవరం ఇప్పుడు చేపలు, రొయ్యల చెరువులకు పేరుపొందిన ఊరు. ఆంధ్ర చెరువుల రొయ్య విశాఖ రేవులో ఓడ ఎక్కి అమెరికాకు, జపానుకు, ఐరోపాకు వెళుతుంది. ఓడ ఎక్కే ముందు, దిగాక లేబొరేటరీల్లో దానికి జరిపే పరీక్షల జాబితాలో టెట్రాసైక్లిన్ జాతి మందుల ఆనవాళ్లు కూడా ఉన్నాయి. హద్దు మించి కనిపిస్తే సరుకు వెనక్కి వస్తుంది.